అలుగు రాయి

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతకు కూడా పాలపళ్లు రాని రోజుల్లో, కేతభూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయన రాజ్యంలో చిట్టేరు ఏటేటా పొంగేది. ఇళ్లూ గొడ్లూ కొట్టుకుపోయేవి.

"ఇక చాలు! ఈ ఏటికి ముకుతాడు వేసి తీరతాను," అన్నాడు రాజు.

ఊరూరూ కదిలింది. తట్టలతో మన్ను మోసి, గొడ్లతో తొక్కించి కట్ట లేపారు. కట్టకు అలుగు కూడా ఉండాలి, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారన్నమాట. ఆ సీమలో ఒక ఆచారం ఉంది. అలుగు రాయిని ఆ నేల సొంతదారే తన చేతులతో పెట్టాలి. బలవంతం కూడదు. రాయి పెట్టిన నేల మాత్రం ఇక నీళ్లపాలే.

"ఎవరు పెడతారు?" అని అడిగాడు రాజు.

అందరూ పక్కవాడి పొలం వైపు చూశారు. అబ్బో, ఏం దానకర్ణులు! చివరికి అలుగు లేకుండానే పని ముగించారు. వానలు రాగానే నీళ్లు కట్ట మీదుగా దూకి దాన్ని ఊడ్చేశాయి.

మరుసటి ఏడు మళ్లీ కట్టారు. ఈసారి ఎవరికీ చెందని ఇసుక దిబ్బ మీద రాజే రాయి పెట్టాడు. ఎవరికీ నష్టం లేదు కదా! ఇసుక నిలుస్తుందా నా తండ్రీ? రాయీ పోయింది, కట్టా పోయింది. ఏటి ఒడ్డున గేదెలు మేపుకునే నాంచారమ్మ గుడిసె కూడా పోయింది. మనవరాలిని చంకనేసుకుని చెట్టెక్కి బతికింది పాపం.

మూడో ఏడు రాజు సభ పెట్టాడు. "గట్టి రాతినేల ఎక్కడుందో ఎవరికీ తెలియదా?"

అందరికీ తెలుసు. చెప్పే గుండె ఎవరికీ లేదు. మనవరాలిని ఎత్తుకుని నాంచారమ్మ లేచింది.

"తమరి మామిడితోటలోనే ఉంది, మహారాజా."

"అది మా అమ్మ నాటిన తోట! నీ తల మీద ఆశ లేదా?" అని గర్జించాడు రాజు.

"ఎందుకు లేదు ప్రభూ? నా తల మీదా ఉంది, ఈ పసిదాని తల మీదా ఉంది. అందుకే చెప్పాను. అందరి పొలాలూ అడిగారు. తమ తోట మాత్రం అడగలేదు."

రాజు సిగ్గుతో తల వంచుకున్నాడు. మర్నాడు చెట్టు చెట్టునూ తడిమి, మొదటి గొడ్డలి దెబ్బ తనే వేశాడు. ఏడుస్తూనే వేశాడు. అలుగు రాయి తన చేతులతోనే పెట్టాడు. అది చూసి, దిగువన నీటి దారిలో పొలాలున్నవాళ్లు అడగకుండానే నేల వదిలారు.

చిట్టేరు వచ్చింది. కట్టను గుద్దింది, ఎక్కబోయింది, ఆఖరికి అలుగు మీద పొర్లి తన దారిన పోయింది. కట్ట నిలిచింది!

నాంచారమ్మ ఒక మామిడి మొక్క తెచ్చి రాజు చేతిలో పెట్టింది.

"తమ తోటలో దొంగతనంగా కోసుకుతిన్న పండు టెంక మొలిచింది, మహారాజా! మళ్లీ కట్టుకున్న మా గుడిసె పక్కనే నాటండి. ఇక అక్కడికి వరద రాదు."

రాజు నవ్వాడు, కళ్లు తుడుచుకుని గొయ్యి తవ్వాడు.

పదిమందిని త్యాగం అడిగేవాడు ముందు తన తోట వైపు చూసుకోవాలి, పిల్లలూ.