వల మీద కూకున్న కొర్లమ్మ

ఉప్పుకి ఇంకా ధర కట్టని రోజుల్లో, సముద్రం ఒడ్డు పేటలో, ఆ తగువు అప్పటికే మూడేళ్ల నుంచి నడస్తంది.

"మొగోడి కళ్లకి ఒక పాలు, ఆడదాని కళ్లకి అరపాలు" అనీవోడు అసిరయ్య. పెద్దవల అతనిది, పట్టిన సేపల్లో ఎవరి పాలు వాళ్లకి పంచేదీ అతనే.

"నాకు సేప సగమే అగుపిస్తందేటి బావా?" అనీది కొర్లమ్మ.

ఆమె మొగుడు ఇసకదిబ్బ మీద కాపు. దిబ్బెక్కి, నీళ్ల రంగు సూసి, సేపల గుంపు ఎటుందో గుడ్డ ఊపి సెప్పాలి. అప్పుడే వల దించాలి. మొగుడు పోయాక ఆమే దిబ్బెక్కింది. అరపాలు ఇయ్యబోతే ముట్టలేదు. ఎండుసేపలు అమ్ముకుని బతికింది.

ఆ ఏడు గాలీ వానా నెల్లాళ్లు ఒదల్లేదు. పేటంతా గంజికి మొహం వాసింది. తెరిపిచ్చిన పొద్దున కవ్వళ్లు, ఆ సిన్నసేపలు, గుంపుగా వొచ్చాయి. నీళ్లు నల్లబడ్డాయి. పిట్టలు మూగాయి. తొమ్మిదిమంది మొగోళ్లు పడవ కాడ నిలబడ్డారు.

కొర్లమ్మ గుడ్డ ఊపలేదు. ఆ నలుపు కింద ఇంకో నలుపుంది. మెల్లగా తిరగతంది. పక్కనే ఓ సిన్నది. తిమింగలాలు. వల సుట్టుకుంటే పడవనీ, పడవలో మనుషుల్నీ ఈడ్సుకుపోతాయి.

అసిరయ్య ఒకసారి కేకేశాడు. ఆగమంది. రెండోసారి కేకేశాడు. తిమింగలం ఉందంది. ఒడ్డు నుంచి సూస్తే సేపలే. మూడోసారి అతనే దిబ్బ కాడికి వొచ్చాడు.

"పాలు ఇయ్యలేదని పేట కడుపు మాడుస్తావేటే?"

పడవ కాడోళ్లూ అదే నిజమనుకున్నారు. అసిరయ్య వల ఎత్తమన్నాడు.

కొర్లమ్మ దిబ్బ దిగింది. తిన్నగా ఎళ్లి వలకుప్ప మీద కూకుంది.

ఆడది తొక్కిన వలని పసుపునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మర్నాటి దాకా నీళ్లలో దించకూడదు. అది ఆచారం. తెలిసి ఏ ఆడదీ ఆ పని సెయ్యలేదు. పేట ఆడోళ్లు ఇసక ఎత్తి పోశారు. సొంత ఆడపడుసు మొహాన ఉమ్మింది. కొర్లమ్మ మొహం తుడుసుకుంది. లేవలేదు.

"నీకింక అరపాలూ లేదు, దిబ్బా లేదు" అన్నాడు అసిరయ్య.

"ఎక్కను బావా. నువ్వు మాత్రం సముద్రంకేసి సూడు."

సెయ్యడానికి ఇంకేటుంది? అందరూ ఇసకలో కూకుని సూశారు. ఎండ వాలాక సేపల నడిమధ్యన తాడిసెట్టంత ఎత్తున నీళ్లు లేసాయి. ఓ వీపు తేలింది. మూడు పడవల పొడుగు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పొద్దుగూకేదాకా పేటంతా సూస్తానే ఉంది. పడవ కాడోళ్ల పెళ్లాలు మొగుళ్లని లెక్కెట్టుకున్నారు. తొమ్మిదిమందీ ఉన్నారు.

మళ్లీ వానల్లో కొర్లమ్మ జరమొచ్చి పోయింది.

ఇప్పటికీ ఆ పేటలో దిబ్బ కాపు ఆడదే. తిమింగలం అగుపిస్తే కేకెయ్యదు. దిగొచ్చి వల మీద కూకుంటాది. ఎవరూ కోప్పడరు. "ఈయాల కొర్లమ్మ కూకుంది" అనుకుని, మొగోళ్లు గంజి తాగి సముద్రం సూస్తా ఉంటారు.

అసిరయ్య మాటేటంటారా? ఆ పేటలో పాడె లేపేముందు, పోయిన మనిషికి బాకీ ఉన్నోళ్లెవరని మూడుసార్లు అడగతారు. కొర్లమ్మ పాడె కాడ ఒకసారి అడిగారు, పలకలేదు. రెండోసారి అడిగారు, పలకలేదు. మూడోసారికి ముందుకొచ్చి, తలగుడ్డ ఇప్పి, అందులో డబ్బు ఆ ఆడపడుసు కొంగులో పోశాడు. మూడేళ్లకీ నిండు పాలు. పద్నాలుగు రూపాయల పావలా.