జ్వరానికి కాపలా కాసిన అన్నదమ్ములు

గుంతకొండ సర్పంచి ఇంట్లో తెలివి మరీ ఎక్కువైపోయి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముగ్గురు మగాళ్ళు తెగ ఇబ్బంది పడుతుండేవాళ్ళు. సర్పంచి పేరు చౌడమ్మ. కానీ సర్పంచి కుర్చీలో కూర్చునేది ఆమె మొగుడు ఓబులేసు. కుర్చీకి చెరో పక్క నిలబడేది అతని తమ్ముళ్ళు గుర్రప్ప, పుల్లయ్య. "ఓట్లు నీకొచ్చాయి, తెలివి మాకొచ్చింది. ఎవరికొచ్చింది వాళ్ళు చూసుకుందాం" అని ఓబులేసు గెలిచిన రోజే పెళ్ళానికి చెప్పేశాడు. అంతే. చౌడమ్మ పొయ్యి దగ్గర, వాళ్ళు పంచాయితీ ఆఫీసులో.

ఇంతలో కరోనా వచ్చింది. మండలాఫీసు నుంచి ఫోనొచ్చింది. "పొలిమేరలో తాడు కట్టండి. లోపలికొచ్చే ప్రతి మనిషికీ జ్వరం చూడండి. జ్వరముంటే రానివ్వొద్దు. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం."

ఇంకేముంది, తాడు కట్టారు. జ్వరం చూసే గన్ను పుల్లయ్య చేతికిచ్చి తాడు దగ్గర కూర్చోబెట్టారు. మరి ఆరడుగులు కొలిచేదెట్లా?

"మన గుర్రప్ప సరిగ్గా ఆరడుగులు కదరా!" అన్నాడు ఓబులేసు.

అంతే. రేషన్ షాపు ముందు ఇద్దరు నిలబడితే చాలు, మధ్యలో గుర్రప్ప వెల్లకిలా పడుకునేవాడు. ఇంకో మనిషి రాగానే లేచి, దుమ్ము దులుపుకుని, అటెళ్ళి పడుకునేవాడు.

"అన్నా, టేపు తెచ్చుకుంటే పోలా?" అన్నాడు ఒకసారి, వీపు గోక్కుంటూ.

"టేపు మన కుటుంబమా? దాన్నెట్లా నమ్ముతాంరా?"

కొన్నాళ్ళకి టీకాలొచ్చాయి. నర్సమ్మ సలోమి బడి వరండాలో పెట్టె తెరిచి, మొదటి సూది సర్పంచమ్మకే వేసింది. అన్నదమ్ములకి ఒక బిళ్ళ ఇచ్చి మరీ చెప్పింది. "ఎడమ చెయ్యి నొప్పెడుతుంది. రెండు రోజులు దానికి పని చెప్పొద్దు. జ్వరం వస్తే ఈ బిళ్ళ ఇవ్వండి."

ఇంటికి రాగానే ఓబులేసు తన కండువా తీసి, చౌడమ్మ ఎడమ చేతిని భక్తిగా మెడకి కట్టాడు.

"ఈ చెయ్యి ప్రభుత్వ సెలవులో ఉంది. దీనికెవరూ పని చెప్పకూడదు."

"మరి నేను?"

"నీకు సెలవెక్కడిదే? కుడి చెయ్యుంది, రెండు కాళ్ళున్నాయి. లేచి రొట్టెలు తట్టు."

చౌడమ్మ ఒంటి చేత్తో జొన్నరొట్టెలు తట్టింది. ఒకటీ గుండ్రంగా రాలేదు.

"ఇదేంది వదినా, రొట్టె సగమే ఉంది?" అన్నాడు పుల్లయ్య.

"మిగతా సగం సెలవులో ఉంది నాయనా."

"ఓహో, అట్లనా!" అని బుద్ధిగా తినేశాడు.

సాయంత్రానికి చౌడమ్మకి వణుకు పుట్టింది. "ఏమయ్యా, జ్వరమొచ్చింది. ఆ బిళ్ళ ఇటివ్వు. కాసేపు పడుకుంటా."

ఓబులేసు పగలబడి నవ్వాడు. "ఎట్లొచ్చిందే? పొలిమేరలో తాడుంటే! ఏరా పుల్లయ్యా, జ్వరమేమైనా వచ్చిందా?"

"లేదన్నా. గేదెలొచ్చాయి, సోడాబండి వచ్చింది. జ్వరం రాలేదు."

"చూశావా!"

"ఒళ్ళు కాలిపోతోందయ్యా, చెయ్యి పెట్టి చూడు!"

"చెయ్యి పెట్టమని మండలాఫీసు చెప్పలేదు. గన్ను పెట్టమంది. అదీ లోపలికొచ్చే వాళ్ళకి. నువ్వు లోపలే ఉన్నావు. బయటికెళ్ళి లోపలికి రా, చూస్తాం."

ఇంకేముంది. ఆ వణుకుతున్న మనిషి ముగ్గురి వెనకే పొలిమేర దాకా నడిచి, తాడు కింద నుంచి దూరి, అవతల నిలబడింది. పుల్లయ్య గన్ను పెట్టాడు. ఎర్రగా వెలిగి కీచుమంది.

"జ్వరమే అన్నా! వచ్చేసింది!"

"ఆపు! జ్వరమున్నవాళ్ళని రానివ్వొద్దన్నారు!"

గుర్రప్ప గబుక్కున తాడు కింద అడ్డంగా పడుకున్నాడు.

"నేను ఈ ఊరి సర్పంచినయ్యా!"

"సర్పంచికి మినహాయింపుందని ఫోన్లో చెప్పలేదే."

"పోనీ ఆ బిళ్ళన్నా ఇటు పారెయ్యి!"

"జ్వరం ఊళ్ళోకొస్తే కదా ఇవ్వడం? అది అవతలే ఆగిపోయిందిగా!" అని, తమ తెలివికి తామే మురిసిపోయి, ముగ్గురూ ఇంటిదారి పట్టారు.

అవతల రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డ సలోమి ఇదంతా వింది. నెత్తి కొట్టుకుంది. పెట్టెలోంచి ఇంకో బిళ్ళ తీసి మింగించి, పక్కనే ఉన్న మోటారు షెడ్డులో నులకమంచం మీద చౌడమ్మని పడుకోబెట్టింది. ఆటో వద్దనుకుని తనూ అక్కడే ఉండిపోయి గంజి కాచింది. పెళ్ళయ్యాక చౌడమ్మ కాళ్ళు బారజాపుకుని పడుకోవడం అదే మొదలు.

ఇక్కడ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ముగ్గురి తెలివీ కలిపినా వెలగలేదు. రెండు రోజులకి కడుపులు అంటుకుపోయి తాడు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. నన్నొదిలేసింది" అంది చౌడమ్మ, మంచం మీంచి లేచి.

"వదిలేసి ఎటుపోయింది?" అన్నాడు పుల్లయ్య అనుమానంగా.

చౌడమ్మ సలోమి వైపు చూసింది. తర్వాత మంచం వైపు చూసింది.

"ఎటు పోతుంది? నన్ను ఈ మంచం మీదే వదిలింది. అక్కడే ఉండి ఉంటుంది."

"అయ్యయ్యో, కాపలా లేకపోతే ఊళ్ళో దూరుతుంది!"

అంతే! ముగ్గురూ తాడు దూకి షెడ్డులోకి పరిగెత్తారు. చౌడమ్మ పుల్లయ్య వదిలేసిన గన్ను నుదుటికి పెట్టుకుంది. పచ్చగా వెలిగింది. కండువా విప్పి తాడుకి తగిలించి, ఊళ్ళోకి నడిచింది. ఇంటివైపు తిరగలేదు. తిన్నగా పంచాయితీ ఆఫీసుకెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఫోను మోగింది.

"సర్పంచి ఉన్నారా?"

"ఉన్నాను, చెప్పండి."

షెడ్డులో గుర్రప్ప మంచానికీ మిగతా ఇద్దరికీ మధ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఓబులేసు అరచేతిలో బిళ్ళ, పుల్లయ్య చేతిలో నీళ్ళగ్లాసు. ఖాళీ మంచం వంక ముగ్గురూ రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

"అన్నా, ఆకలేస్తోంది" అన్నాడు గుర్రప్ప నేల మీంచి.

ఓబులేసు కాసేపు ఆలోచించాడు. మంచం వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో జ్వరమా, పడుకుంది చాల్లే. లేచి నాలుగు రొట్టెలు తట్టు."