చేయని అప్పు కోసం ఇల్లు తవ్విన నూకాలు

గానుగపాలెంలో తెలివి పుట్టింది తమ ఇంట్లోనే అని నూకాలుకి గట్టి నమ్మకం. ఊళ్ళో మిగతా వాళ్ళ దగ్గరున్నదంతా తమ ఇంటి గోడ మీంచి పొర్లిపోయిన తెలివేనట. మొగుడు సన్యాసినాయుడు ఆలోచనలో పడితే వీధిలో కుక్కలు కూడా మొరగడం ఆపి వినేవట. మరిది పోతురాజు అయిదో తరగతి మూడేళ్ళు చదివాడు. ఒక్కసారి చదివిన వాళ్ళకంటే మూడింతలు ఎక్కువ తెలుసు కదా మరి!

ఆ ఏడు బెల్లం అమ్మగా నలభై వేలు మిగిలింది. అయిదు వందల నోట్లు ఎనభై. మూటకట్టి అటక మీద పెట్టారు. శుక్రవారం సంతలో పాడిగేదెని కొనాలి. పలుపు కొన్నారు, గుంజ పాతారు. వచ్చే గేదె ఆకలికి ఆగలేదేమోనని నెల రోజులుగా ఖాళీ గుంజ ముందు గడ్డి కూడా వేస్తున్నారు. ఆ గడ్డి రోజూ పక్కింటి గేదె వచ్చి తినేసి పోయేది.

"చూశావా మావా, మన గేదె ఇంకా రానే లేదు, ఎంత బాగా మేస్తోందో!" అని నూకాలు మురిసిపోయేది. పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ నల్ల టీయే తాగింది. ఈ ఏడైనా గ్లాసులో పాలు చూడాలని ఆవిడ ఆశ.

బుధవారం పొద్దున్న ఫోను మోగింది.

"రికవరీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ పేరు మీద నలభై వేలు లోను ఉంది. గంటలో కట్టకపోతే పోలీసులు మీ ఇంటికి వస్తారు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఫోను చెవి దగ్గర్నుంచి తీయకూడదు." గొంతు చూస్తే పిడుగుకి పెద్దన్నలా ఉంది, ఇంట్లో అందరికీ వినబడింది.

నూకాలు గుండె జారి గానుగలో పడింది. "అప్పు ఎప్పుడు తీసుకున్నాం బాబూ? నాకు గుర్తు లేదే!"

"మీకు గుర్తు లేకపోతే మాకు సంబంధం లేదు. కట్టాల్సిందే."

అంతే. సన్యాసి తువ్వాలు తెచ్చి, ఫోనుని పెళ్ళాం చెవికి పెట్టి, గడ్డం కింద నుంచి నెత్తి మీదకి ముడేసి బిగించాడు. తీయకూడదన్నాడు కదా! ముడి వేశాక ఆలోచనలో పడ్డాడు. కుక్కలు ఊరుకున్నాయి.

"నూకాలూ, అప్పు తీసుకున్నామంటున్నాడు. తీసుకున్నామంటే ఆ డబ్బు ఇంట్లోనే ఎక్కడో ఉండాలి. మనకి కనబడటం లేదు, అంతే. వెతుకుదాం."

"అమ్మో, ఏం బుర్ర మావా నీది!"

ఇంకేముంది, వెతుకులాట మొదలైంది. పరుపులు చింపారు. దూది ఎగిరి వీధంతా మంచు కురిసినట్టయింది. బియ్యం డబ్బా బోర్లించారు. పొయ్యి పగలగొట్టారు. పోతురాజు గునపం పుచ్చుకుని వంటింటి నేల తవ్వడం మొదలుపెట్టాడు. ఏనుగు తన పిల్లతో సహా పడుకోవచ్చు, అంత గొయ్యి తీశాడు. ఇంటిపైన పెంకులు ఒక్కొక్కటీ తీసి కిందకి చూశారు, పైనుంచి చూస్తే బాగా కనబడుతుందని. చివరికి అటక మీద మూట దొరికింది. లెక్కపెట్టారు. ఎనభై నోట్లు, నలభై వేలు!

"దొరికింది! పైసా తేడా లేదు!" అని సన్యాసి గంతులేశాడు. "ఇది మన గేదె డబ్బు అనుకున్నాం గానీ, లెక్క ఇంత కచ్చితంగా సరిపోయిందంటే ఇది అప్పే!"

నూకాలు కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. పాల గ్లాసు కళ్ళ ముందే నల్ల టీ అయిపోయింది. అయినా నీతి తప్పే ఇల్లా అది? "దొరికింది బాబూ, మీ డబ్బు భద్రంగా ఉంది. ఇల్లే లేదు," అని ఫోనులో చెప్పింది.

అవతలివాడి గొంతులో తేనె కారింది. "చాలా మంచిది మేడమ్! త్వరగా ఫోన్‌లో వేసేయండి."

ఫోన్‌లో వేయమన్నాడు. తువ్వాలు విప్పారు. పోతురాజు ఫోను వెనక మూత తీశాడు. బ్యాటరీ పక్కన ఒక నోటు మడతలు పెట్టి దూర్చాడు. రెండోది ససేమిరా పట్టలేదు. బ్యాటరీ తీసేస్తే పడుతుందేమోనని తీశాడు. ఎనిమిది నోట్లు పట్టాయి గానీ ఫోను చచ్చిపోయింది. మళ్ళీ బ్యాటరీ పెట్టాక అవతలివాడే ఫోను చేశాడు, ఎందుకు పెట్టేశారని అరుస్తూ.

"కోప్పడకు నాయనా. మా ఫోను పొట్ట చిన్నది. ఒక్క నోటు పట్టింది. మిగతా డెబ్భై తొమ్మిదీ పట్టాలంటే పెద్ద ఫోను కొనాలి. కొంటే నీ డబ్బులోంచే కొనాలి. కొనమంటావా?"

"వద్దు మేడమ్. మీకు బ్యాంకు ఖాతా ఉందా? ఉంటే ఇప్పుడు ఒక మెసేజ్ వస్తుంది. అందులో ఆరంకెల నంబరు ఉంటుంది. అది చదివి చెప్పండి చాలు."

మెసేజ్ వచ్చింది. పోతురాజు వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "వదినా, ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు అని రాసుంది."

నూకాలు ఫోనులో అడిగింది. "బాబూ, ఎవరికీ చెప్పొద్దని రాసుంది. నువ్వు ఎవరో ఒకరివేనా?"

"నేను ఆఫీసర్ని మేడమ్!"

"అయితే ఎవరో ఒకరివే కదా. చెప్పకూడదు. ఎవరూ కానివాడు మీ ఆఫీసులో ఉంటే వాడికి ఇవ్వు ఫోను, వెంటనే చెబుతాను."

"నేనెవర్నీ కాను! చెప్పండి!"

"ఇప్పుడే ఆఫీసర్నన్నావు, ఇంతలోనే ఎవర్నీ కానంటావు. మాట మీద నిలబడలేని వాడికి నంబరు ఎలా చెప్పను నాయనా?"

వాడు పళ్ళు పటపట కొరికాడు. "సరే! పోలీసులు బయలుదేరారు!"

"ఎంతమంది?" అంది నూకాలు.

"ఆరుగురు!"

అంతే. ఆరుగురికి వంట. పొయ్యి పగిలిపోయింది కాబట్టి వంటింట్లో తవ్విన గొయ్యిలోనే మంట వేశారు. నూకాలు ఫోను చెవికి కట్టుకుని, గొయ్యిలోకి దిగి, గంజి వారుస్తూ, "పోలీసులు కారం ఎక్కువ తింటారా, తక్కువ తింటారా బాబూ?" అని పదే పదే వాడినే అడిగింది. వాడు రెండుసార్లు తక్కువ అన్నాడు పాపం, మూడోసారి ఏడ్చాడు.

ఈలోగా సన్యాసి తమ్ముణ్ణి పిలిచాడు. "ఒరేయ్, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదన్నాడు. మరి ఎవరెవరికి చెప్పడం లేదో వాళ్ళకి తెలియాలి కదా, లేకపోతే రేపు మాట వస్తుంది." ఇంకేముంది, పోతురాజు ఇంటింటికీ వెళ్ళాడు. "మా ఇంటికి అప్పు కోసం ఫోనొచ్చింది, గంటలో పోలీసులొస్తున్నారు. ఈ సంగతి మీకు చెప్పడం లేదు," అని నూట పన్నెండు ఇళ్ళలో చెప్పకుండా వచ్చాడు.

నూట పదమూడోది పోస్టాఫీసు. అక్కడ ఊరికి ఉత్తరాలు పంచే కళావతి గారు ముద్రలు కొడుతోంది. విన్నదే తడవుగా ముద్ర చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. పైకప్పు లేని ఇంట్లో, గొయ్యిలో, పొగలో, తలకి తువ్వాలు కట్టుకున్న నూకాలుని చూసింది.

"ఏమ్మా, ఎప్పుడైనా, ఎక్కడైనా అప్పు కాగితం మీద వేలిముద్ర వేశావా?"

"లేదండి."

"మరి అప్పెక్కడిది? వాడు దొంగ. కంగారు పెట్టేవాడు, పోలీసుల పేరు చెప్పి భయపెట్టేవాడు, ఎవరికీ చెప్పొద్దనేవాడు, నంబరు అడిగేవాడు, అందరూ ఒకే బడిలో చదివిన దొంగలు. ఇటివ్వు." ఫోను లాక్కుంది. "ఏమయ్యా, నీ పేరేంటి? మీ ఆఫీసు ఎక్కడ? అప్పు ఎప్పుడిచ్చారు, ఎవరికిచ్చారు, అంతా కాగితం మీద రాసి ఉత్తరం పంపు. ఉత్తరాలు పంచేది నేనే, చూసి నేనే ఇస్తాను."

టక్కున లైను తెగిపోయింది.

నూకాలు ఒళ్ళంతా ఆనందమే. గేదె బతికింది! కళావతి గారు టపా వేళైందని లేచింది. "ఒకటి తొమ్మిది మూడు సున్నాకి ఫోను చేసి జరిగింది చెప్పండి. అది ఇలాంటి దొంగల్ని పట్టే వాళ్ళ నంబరు. ఆ నలభై వేలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి," అని చెప్పి వెళ్ళిపోయింది.

నూకాలు చేసింది. అవతల ఒకావిడ ఎంతో మర్యాదగా అంది, "చెప్పండమ్మా, మీకు ఎంత డబ్బు పోయింది?"

నూకాలు గతుక్కుమంది. "ఒక్క నిమిషం ఆగండమ్మా, కనుక్కుని చెబుతాను," అని పెట్టేసింది.

"మావా, ఎంత పోయిందని అడుగుతున్నారు. మనకేమీ పోలేదు. ఏమీ పోకుండా ఫిర్యాదంటే అబద్ధం కదా? పోలీసుల దగ్గర అబద్ధమా?"

సన్యాసి ఆలోచనలో పడ్డాడు. వీధి నిశ్శబ్దమైంది. "ముందు పోవాలి. పోయాక చెప్పాలి. అదీ వరస."

"మరి ఎవరికీ ఇవ్వొద్దన్నారుగా కళావతి గారు?"

"మనం ఇవ్వం. వాడే తీసుకుంటాడు."

అమ్మో, ఏం బుర్ర! అంతే, నూకాలు ఆ దొంగకే ఫోను కొట్టింది. "బాబూ, నేను నూకాలుని. దొంగల్ని పట్టేవాళ్ళు ఎంత పోయిందని అడిగారు. నువ్వు గబగబా వచ్చి మా నలభై వేలు పట్టుకుపోతే వాళ్ళకి నిజం చెప్పొచ్చు. ఆలస్యం చేయకు నాయనా, అన్నం కూడా ఆరుగురికి వండాను."

అవతల కుర్చీ కిందపడిన చప్పుడు. "అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను! మీ డబ్బు నాకొద్దు! ఈ వృత్తే నాకొద్దు!" తరవాత ఎన్నిసార్లు కొట్టినా ఆ ఫోను మోగలేదు. నూట ఎనభైసార్లు కొట్టింది. వేలు వాచింది.

ముగ్గురూ గొయ్యి గట్టు మీద దిగులుగా కూర్చున్నారు. కాసేపటికి నూకాలు మొహం మతాబులా వెలిగింది. మళ్ళీ ఒకటి తొమ్మిది మూడు సున్నాకి చేసింది.

"అమ్మా, ఇందాక అడిగారే, ఇప్పుడు పోయింది. రాసుకోండి."

"అయ్యో! ఏం పోయిందమ్మా?"

"మా దొంగ పోయాడండి. ఇందాకటి దాకా ఫోనులోనే ఉన్నాడు, ఇప్పుడు ఎక్కడా లేడు. మీరు ఎలాగైనా పట్టుకుని మా ఇంటికి పంపండి తల్లీ. నలభై వేలూ గడప మీద పెట్టి, తలుపు బార్లా తీసి కూర్చుంటాం."