బెర్తొలే వచ్చేదాకా ఆరని బట్టీ

ఈ కథ నాకు మొదట చెప్పింది పెమ్మాడి సత్తెయ్య మావ. యానాం ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న రోజుల్లో వాళ్ళ పటాలంలో వంటకి కుదిరి, ఓడెక్కి ఆ దేశం పోయొచ్చిన మనిషి. ఆయన చెప్పిన వరసలోనే రాస్తున్నాను. ఉప్పూ కారం కలిపే అలవాటు నాకు లేదు. కొందరికుంది.

ఆ దేశంలో కొండసందున వల్మురెత్ అని ఒక పల్లె. పిడికెడు ఇళ్ళు, ఒక చర్చి, ఊరందరికీ కలిపి ఒకటే రొట్టెల బట్టీ. ఊరి ముందు వాగు, దాని మీద చెక్క వంతెన. అంతే ఊరు. గర్వం మాత్రం దేశమంత.

"చెప్పింది చెప్పినట్టు చేసే బుర్ర మనకే ఉంది. వాగవతలి వాళ్ళు సొంత తెలివి వాడి చెడిపోయారు" అని వాళ్ళ మేరు అర్మాన్, అంటే ఊరిపెద్ద, రోజూ మీసం దువ్వేవాడు.

తెల్లారితే వాగుకి ఇరుపక్కల ఊళ్ళూ కొలిచే చర్చి పునీతుడి పండగ. రొట్టెలు కాల్చే బెర్తొలే పిండి కోసం అవతలి మిల్లుకి బయల్దేరాడు. బట్టీ చల్లారిందా, పండగకి రొట్టె లేనట్టే. రొట్టె లేకపోతే పండగ అవతలి ఊరు ఎగరేసుకుపోతుంది.

"మేరు గారూ, నేనొచ్చేదాకా మంట ఆరకూడదు. మీదే భారం" అన్నాడు.

ఇంకేముంది! కట్టెలన్నీ ఒకేసారి తోసేశారు. అవి అయిపోయాయి. మేకల దొడ్డి కంచె పీకారు. మేకలు వెళ్ళి కాబేజీ తోటలో పడ్డాయి.

"తోటంతా నాకేస్తున్నాయి, చూడవయ్యా!" అని మేరు పెళ్ళాం క్లెమాన్స్ అరిచింది.

"బెర్తొలే మంట సంగతి చెప్పాడు గానీ మేకల సంగతి చెప్పాడా?"

అంతే, ఆవిడా నిజమేననుకుంది. కంచె తర్వాత చర్చి బల్లలు. బల్లల తర్వాత తలుపులు, మంచాలు, పడవ. ఆఖరికి అందరి కాళ్ళకున్న చెక్క జోళ్ళు. ఇంకేం మిగిలింది? వంతెన.

"వంతెన పీకితే బెర్తొలే ఎలా వస్తాడు?" అంది క్లెమాన్స్.

"రావడం ఆయన పని, మంట మన పని. ఎవరి పని వాళ్ళు చేస్తేనే అది ఊరు!"

ఆ ముక్కకి చప్పట్లు కూడా కొట్టారట, దద్దమ్మలు.

పొద్దు వాలకముందే బెర్తొలే పిండిమూటతో అవతలి ఒడ్డుకొచ్చాడు. "ఒరేయ్, వంతెనేదిరా?"

"బట్టీలో ఉంది! బాగా మండుతోంది, కంగారు పడకు!"

"పడవ పంపండి!"

"అదీ బట్టీలోనే ఉంది!"

"ఇక ఆపండర్రా బాబూ!"

"ఎలా ఆపుతాం? నువ్వు కనపడ్డావు గానీ రాలేదుగా!"

పాపం, మూట నెత్తిన పెట్టుకుని గొంతులోతు నీళ్ళలో దిగాడు. ఆయన తడిశాడు గానీ పిండి తడవనివ్వలేదు. వణుక్కుంటూ ఒడ్డెక్కి, "మంట ఉందా?" అన్నాడు.

"ఉంది!"

"బతికించారు. పండగ నిలబడింది."

"నువ్వొచ్చినట్టేనా?" అన్నాడు మేరు.

"వచ్చానయ్యా!"

"పూర్తిగా?"

"ఇదిగో, నీ ముందే ఉన్నానుగా!"

అంతే. బిందెలతో కాచుకునున్న ఊరు ఊరంతా ఒక్కసారి బట్టీలో నీళ్ళు గుమ్మరించింది. ఢామ్మని బట్టీ నిలువునా పగిలింది.

మేరు చేతులు దులుపుకున్నాడు. "చూశావా? నువ్వొచ్చేదాకా ఆరలేదు. నువ్వొచ్చాక ఉండనివ్వలేదు!"

బెర్తొలే మూట మీద కూలబడ్డాడు. మర్నాడు అవతలి ఊళ్ళో పండగ బాజాలు మోగుతుంటే, వీళ్ళు ఉత్త కాళ్ళతో ఒడ్డున నిలబడి, "పాపం, చెప్పింది చెప్పినట్టు చెయ్యడం వాళ్ళకేం తెలుసు" అని జాలిపడ్డారట.

రేవులో చుట్టలమ్మే కొప్పాడ వీర్రాజు ఇదంతా మా గోదావరి లంకలో జరిగిందనీ, ఆ మేరు ఎవరో కాదు, ఇది రాస్తున్న నా తాతేననీ చెప్పుకు తిరుగుతున్నాడు. మా లంకకి వంతెన ఏనాడూ లేదు, ఏం తగలబెడతాం? చదువొచ్చిన వాళ్ళెవరైనా వాడికిది నలుగురి ముందూ చదివి వినిపించి, ఆ మాట వాడి నోటితోనే దిద్దించండి.