ఇసుక కింది నక్షత్రం

"దస్తగిరీ..."

బాబా పిలుపు దర్గా లోపలి నుంచి వచ్చింది. దస్తగిరి వరండాలో గాజుతొట్టి ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి మోచేతి దాకా ఉప్పునీళ్లలో ముంచి, ఇసుక మీద మిగిలిన ఒక్క పాచిమరకనూ గుడ్డపీలికతో తుడుస్తున్నాడు.

"దస్తగిరీ, అన్నం చల్లారిపోతోందిరా."

"మీరు తినండి బాబా. నాకు ఆకలి లేదు."

సముద్రం ఒడ్డున సరుగుడు తోపు చివర ఉన్న ఆ దర్గాకు వచ్చినప్పటి నుంచీ అతనిది అదే మాట. చెంపలు లోపలికి పోయాయి. ఉరుసు నాడు తప్ప అక్కడికి పెద్దగా ఎవరూ రారు. బాబా, అతను, అలల హోరు. ఎప్పుడైనా మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు "నీకెవరున్నారు నాయనా?" అని అడిగితే, "ఎవరూ లేరమ్మా" అనేసి సరుగుడు చెట్ల వైపు చూసేవాడు. గాలికి ఆ చెట్లు ఏదో చెప్పబోయి మానేసినట్టు ఉండేవి.

నిజానికి అతను ఒక మనిషిని మరిచిపోదామని వచ్చాడు. ఆమె దువ్వెన, గాజులు, చివరికి ఆమె చెప్పులు కూడా సముద్రంలో వేసేశాడు. గుండెను కూడా అలా ఖాళీ చేసుకుని, బాబా చేతిలో చెయ్యి వేసి, ఆయన శిష్యుడిగా, మురీదుగా ఇక్కడే ఉండిపోవాలని అతని కోరిక. ఒకనాడు ధైర్యం చేసి అడిగాడు. బాబా నవ్వి, "ముందు ఆ తొట్టి సంగతి చూడరా" అన్నారు.

బదిలీ మీద వెళ్లిపోతూ ఒక టీచరమ్మ దర్గాకు ఇచ్చిపోయిన తొట్టి అది. చారల చేపపిల్లలు రెండు, బుడగలు వదిలే చిన్న మోటారు, అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక. ఆ ఇసుక మీద గోధుమరంగు పాచి, చేపల పెంట. బాబా మాటను దస్తగిరి మనసులో గట్టిగా ముడేసుకున్నాడు. ఈ ఇసుక తేటపడిన రోజే తన మనసూ తేటపడుతుంది. ఆ రోజే మళ్లీ అడగాలి.

బాబా ఆ మాట అన్న మర్నాడే, తొట్టిని శుభ్రం చేసే జీవాల కోసం, ఒడ్డున జాలరులు అలివి వల లాగే చోటికి వెళ్లాడు. వలలో చేపలతో పాటు వచ్చే చిల్లర జీవాలను జాలరి గంగులు ఇసుక మీద పరిచి చూపించాడు.

"ఈ నత్తలు పాచి గీకుతయ్. ఈ పొడుగు ముక్కు నత్తలు ఇసకలో దూరి కుళ్లింది తింటయ్. పీతలు మాత్రం వద్దు సాయిబయ్యా, గుల్ల కోసం నత్తల్ని చంపే రకం."

"మరి అది?"

తడి ఇసుకలో ఇసుకరంగు సముద్రపు నక్షత్రం ఒకటి అయిదు చేతులూ చాపుకుని పడుకుని ఉంది. ఆకాశంలో ఎవరికీ అక్కర్లేక కింద పడేసినట్టుంది. దాన్ని చూసిన క్షణమే దస్తగిరి ప్రాణం దాని మీదికి పోయింది.

"అదా, ఇసకని లోపల్నించి జల్లెడ పట్టేస్తది. ఇంతకీ నీ గాజుపెట్టె ఎంతని? ఇందరు పనోళ్లకి కూలి ఏమిస్తావు?"

"మురికే వాటి కూలి" అన్నాడు దస్తగిరి. గంగులు పడీ పడీ నవ్వాడు.

నత్తలు, నక్షత్రం పనిలో పడ్డాయి. వారాలు గడిచేకొద్దీ ఇసుక తెల్లబడింది. అయినా దస్తగిరికి తృప్తి లేదు. వాటికి చిక్కని మరకను తనే తుడిచాడు. పెంట తగ్గుతుందని చేపల మేతా తగ్గించాడు. ఇసుక ఎంత తెల్లబడితే, ఎందుకో, ఆ మరిచిపోవలసిన ముఖం అందులో అంత బాగా కనిపించేది. మళ్లీ తుడిచేవాడు.

ఇవాళ ఆ చివరి మరకా పోయింది.

బాబా అన్నం పళ్లెం పట్టుకుని తనే బయటికి వచ్చారు.

"చూడండి బాబా, మచ్చుకైనా మరక లేదు. ఇక నన్ను మురీదుగా తీసుకోండి."

బాబా వంగి చూశారు. "నక్షత్రమేదిరా?"

"ఇసుక కింద పడుకుంది బాబా. పైకి రాక చాన్నాళ్లయింది. హాయిగా ఉన్నట్టుంది."

బాబా పళ్లెం కింద పెట్టి, నీళ్లలో చెయ్యి ముంచి, ఇసుకను మెల్లగా తడిమారు. నీళ్లలోనే అరచెయ్యి విప్పారు. నక్షత్రం రెండు చేతులు కొసల దగ్గర కాలిన వత్తుల్లా కరిగిపోయి ఉన్నాయి. కదలిక లేదు.

దస్తగిరి తొట్టి మీదికి వంగాడు. "ఏం జబ్బు బాబా?"

"జబ్బేం కాదు. పనికి పిలిచి పస్తు పెట్టావురా."

నక్షత్రాన్ని మళ్లీ ఇసుక మీద పెట్టి, బాబా ముంత తీసుకుని ఉప్పుటేటి వైపు నడిచారు. వచ్చేటప్పుడు ముంత నిండా తడి ఇసుక, కొంచెం బురద, అందులో లుకలుకలాడే సన్నటి పురుగులు. తొట్టి మీదికి ముంత వంచబోతే దస్తగిరి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు బాబా. ఇన్నాళ్ల కష్టం."

బాబా అతని కళ్లలోకి చూశారు. పట్టు దానంతటదే వదులైంది. ముంత ఒలికింది. తొట్టి అంతా మసకబారింది. చేపలు కూడా కనబడలేదు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఎండ వరండా దాటిపోయింది. నీళ్లు తేరుకునేసరికి ఇసుకలోంచి ఒక ముక్కు లేచింది, పక్కన ఇంకొకటి. నత్తలన్నీ తొండాలెత్తి వెతుకుతున్నాయి. చాలాసేపటికి, నక్షత్రం చేతుల్లో ఒకటి కొద్దిగా వంగి, ఇసుకను తన కిందికి లాక్కుంది.

"కోలుకున్నాక సముద్రంలో వదిలిరా" అన్నారు బాబా. "ఈ తొట్టి దానికి చాలదు."

తర్వాత చల్లారిన పళ్లెం అతని ముందుకు జరిపారు. అన్నం, చేపల పులుసు.

దస్తగిరి ఒక ముద్ద కలిపాడు. నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. పెట్టుకున్నాడు. నమిలాడు. ఈసారి మాటను మింగెయ్యలేదు.

"నాకు పెళ్లయింది బాబా. జ్వరమొచ్చి నా భార్య పోయింది." తొట్టి వైపే చూస్తూ అన్నాడు. "ఆమె పేరు జైతూన్. పులుసులో ఎప్పుడూ చింతపండు ఎక్కువేసేది."