అమ్మవారి సమ్మతి

నల్లగుట్ట కింద ఆ ఏడు వానల్లేవు. వాగు ఎండింది, గడ్డి మాడింది. ఇదే అదనని నక్క నుదుట కుంకుమ పెట్టుకుని, గుట్టమీది అమ్మవారు తనతో మాట్లాడుతోందని చాటింది. అమ్మవారికి బలి కావాలట. చెలమ నీళ్లలో పసుపు కలిపి ఎవరిమీద పోస్తే ఒళ్లు విదిలిస్తారో వాళ్లని బలిగా తీసుకోవడానికి అమ్మవారు సమ్మతించినట్టట. మొదట పొట్టేలు విదిలించింది. దాన్ని గుట్ట వెనక్కి తోలుకెళ్లిన నక్క పొట్ట నిమురుకుంటూ ఒక్కతే తిరిగొచ్చింది. వాన మాత్రం రాలేదు.

ఈసారి నక్క చూపు మేకపిల్ల మీద పడింది. జంతువులన్నీ చుట్టూ చేరి చూస్తుండగా చెంబు ఎత్తింది.

"ఆగు మామా," అంటూ తల్లిమేక అడ్డం నిలబడింది. మేకలకు నోరెక్కువని లోకం ఆడిపోసుకుంటుంది గానీ, ఆ నోరే లేకపోతే ఆరోజు ఆ పిల్ల దక్కేది కాదు.

"అమ్మవారినే కాదంటావా?" నక్క కళ్లెర్రజేసింది.

"అమ్మవారికి రోజూ మొక్కుతాను. నా అనుమానమల్లా నీ చెంబు మీదే."

"తప్పమ్మా," అంది ముసలి ఎద్దు. "నమ్మకం ఉన్నచోట ప్రశ్న ఉండకూడదు."

"నమ్మకం ఉంది కాబట్టే అడుగుతున్నా తాతా. ఈ బుర్ర కూడా ఆ తల్లి ఇచ్చిందే కదా. వాడుకుంటే ఆవిడకి కోపమెందుకొస్తుంది?"

ఎద్దు నెమరు ఆపేసింది.

మేక నక్క వైపు తిరిగింది. "మామా, ఆ నీళ్లు నీమీద పోస్తే?"

"నేను అమ్మవారి బంటుని. నన్ను కోరదు," అంది నక్క, తోక నిగడదన్ని.

"అయితే మా ముందే పోయించుకో."

అంతమందిలో కాదంటే పరువు పోతుంది. నక్క కళ్లు మూసుకుని కూర్చుంది. కోతి చెంబెడు నీళ్లూ దాని నెత్తిన కుమ్మరించింది. నీళ్లు చెవుల్లోకి దిగాయి. నక్క పళ్లు బిగించింది, ఊపిరి బిగబట్టింది. ఇక ఓర్చుకోలేక ఒళ్లంతా విదిలించింది. ఆ తడి పడి కుందేలు విదిలించుకుంది, దాని పక్కనున్న కోతీ విదిలించుకుంది.

"చూశారా?" అంది మేక. "తడిస్తే ఎవరైనా విదిలిస్తారు. ఇందులో అమ్మవారి మాట ఎక్కడుంది?"

ఎద్దు కొమ్ములు వంచింది. "నక్క చెప్పిన ప్రకారమైతే ముందు విదిలించింది నక్కే. పద నాయనా, గుట్ట వెనక్కి."

నక్క చెంబు వదిలేసి పొలిమేర దాటేదాకా ఆగలేదు. మేక పిల్లను వెంటబెట్టుకుని, తలెత్తుకుని గుట్టెక్కి, ఎప్పటిలాగే అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. "మంచి బుర్రే ఇచ్చావు తల్లీ," అంది గర్వంగా.

దేవుణ్ణి నమ్మేవాడు ప్రశ్నకు భయపడడు. దేవుడి పేరుతో బతికేవాడే భయపడతాడు.