కోడిపుంజు గుర్తు పళ్ళపొడి కేసు

బూరుగుమెట్టలో ఉన్న తెలివంతా పోగేస్తే మూడు తట్టలవుతుందనీ, అందులో రెండున్నర తట్టలు తమ ఇంట్లోనే ఉన్నాయనీ వీరభద్రం, గణపతి, తాతారావు అనే ముగ్గురు అన్నదమ్ముల గట్టి నమ్మకం. వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని చొక్కా లోపల దాచుకుని నడిచే మనుషులు వాళ్ళు. ఎవరైనా నవ్వితే, "వాళ్ళ గొడుగులన్నీ నానిపోయాయి, మనది చూడు ఎంత పొడిగా ఉందో" అని ఒకరి భుజం ఒకరు తట్టుకునేవారు.

ఆ ఇంట్లో నిజంగా పనికొచ్చేది ఒక్కటే. వాళ్ళమ్మ మంగాయమ్మ చేసే పళ్ళపొడి. లవంగం, కరక్కాయ, వేపబెరడు, సైంధవ లవణం తన చేత్తో దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, ముప్పై ఏళ్ళుగా పొట్లాలు కడుతోంది. పొట్లం మీద కోడిపుంజు బొమ్మ. కోడి కూయగానే లేచి పళ్ళు తోముకుంటారు కదా అని ఆ బొమ్మ వేయించింది కూడా ఆవిడే. భర్త బతికుండగా ఆ గుర్తుని సర్కారు దగ్గర రిజిస్టరు చేయించి, బొమ్మతో సహా వచ్చిన ఆ కాగితానికి పటం కట్టించి గోడకు తగిలించాడు.

ఇలా ఉండగా పక్క ఊళ్ళో నాగేంద్రం అనే వ్యాపారి ఇటుకపొడిలో చిటికెడు కర్పూరం కలిపి, అలాంటి పుంజు బొమ్మే అచ్చేయించి అమ్మడం మొదలుపెట్టాడు. దాంతో తోముకున్నవాళ్ళ చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. వాళ్ళంతా వచ్చి మంగాయమ్మని నిలదీశారు. ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదు. కొడుకులు ముగ్గుర్నీ కూర్చోబెట్టి, "నాకు మేడలొద్దు, నగలొద్దు. ఆ పుంజు పోతే నా పొడికి పేరు లేదురా. ఎలాగో దాన్ని నిలబెట్టండి" అని కళ్ళు తుడుచుకుంది.

ముగ్గురూ కాకినాడ వెళ్ళి శశిరేఖ అనే లాయరుని కలిశారు. ఆవిడ కాగితం చూసి కేసు వేస్తానంది. "చూడండి వీరభద్రంగారూ, ఆ పుంజు గుర్తు మీది. మీ అనుమతి లేకుండా ఇంకెవరూ వాడకూడదు. కేసు తేలేదాకా దాన్ని ఎవరూ కాపీ కొట్టకుండా కాపాడుకోండి" అని చెప్పి, మాటల్లో మాటగా ఇంకోటి అంది. "ఈమధ్య చట్టం చాలా దూరం వచ్చేసింది. బొమ్మలే కాదు, చప్పుళ్ళు కూడా రిజిస్టరు చేసుకుంటున్నారు."

అంతే. ఆ నాలుగు ముక్కలూ మూటగట్టుకుని ముగ్గురూ ఊళ్ళో దిగారు.

"చూస్తేనే కదా అన్నయ్యా ఎవడైనా కాపీ కొట్టేది. అసలు చూడనివ్వకపోతే?" అన్నాడు గణపతి. ఇంత చిన్న సంగతి లాయరమ్మకి తట్టలేదేమిటా అని ముగ్గురూ జాలిపడ్డారు. ఇంకేముంది, కొట్టు బోర్డుకి గోనెసంచి కప్పేశారు. పొట్లం కాగితాల్ని తిరగేసి, బొమ్మ లోపలికి వచ్చేలా కట్టారు.

ఒకాయన వచ్చి పుంజు బొమ్మ పళ్ళపొడి కావాలన్నాడు. తాతారావు తెల్లటి పొట్లం చేతిలో పెట్టాడు.

"దీనిమీద పుంజేదయ్యా?"

"లోపలుందండి. చూపించకూడదు."

"మరి ఇది మీదేనని నాకెలా తెలుస్తుంది?"

"తెలియకూడదనేనండి ఇంత శ్రమ."

ఆయన ఎదురు కొట్టుకెళ్ళి నాగేంద్రం పొట్లం కొనుక్కుని పోయాడు. ఆ వారంలో ఊరు ఊరంతా అదే పని చేసింది. గోనె తీసెయ్యండిరా అని మంగాయమ్మ బతిమాలితే, "చట్టం నీకేం తెలుసమ్మా" అని కసిరారు.

తరవాత అనుమతుల సంగతి చూశారు. తమ అనుమతి లేకుండా పుంజుని ఎవరూ వాడకూడదన్న మాట వీరభద్రానికి బాగా నచ్చింది. ఊళ్ళో ఎన్ని పుంజులున్నాయో రాసుకుని, ఒక్కోదానికీ ఒక చీటీ రాసి, సంతకం పెట్టి, కాలికి కట్టడానికి బయల్దేరారు. మొదట సత్తెమ్మ ఇల్లు తగిలింది.

"ఏంటిది?" అంది సత్తెమ్మ.

"నీ పుంజు మా గుర్తులా తిరుగుతోంది పిన్నీ. అనుమతి ఉండాలి. పెట్టలకి అక్కర్లేదు, వాటిని మేం రిజిస్టరు చేయించలేదు."

"మీ తాత పుట్టకముందు నుంచీ పుంజులు ఇలాగే తిరుగుతున్నాయిరా."

"అప్పుడు చట్టం తెలీక తిరిగాయి" అన్నాడు గణపతి.

సత్తెమ్మ చీపురు తీసింది. అయినా పట్టు వదల్లేదు మనవాళ్ళు. మర్నాడు కూత మీద పడ్డారు. చప్పుడు కూడా రిజిస్టరు చేసుకోవచ్చని లాయరమ్మ అంది కాబట్టి కొక్కొరోకో కూడా తమదేననీ, రిజిస్టరు కాగితం చేతికొచ్చేదాకా ఊళ్ళో ఏ పుంజూ కూయకూడదనీ దండోరా వేయించారు. బస్సులో ఒకాయన ఫోను కొక్కొరోకో అని మోగితే, దాన్ని తాతారావు లాక్కుని చొక్కాలో దాచి, "ఇది మా ఇంటి కూత, ఎక్కడ సంపాదించావు?" అని అడిగాడు. ఆయన పోలీసు. ఆ సాయంత్రం మంగాయమ్మే స్టేషనుకెళ్ళి కొడుకుని విడిపించుకొచ్చింది. అప్పటికి ఆవిడ పొడి కొనేవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు.

వాయిదా దగ్గరపడింది. శశిరేఖ ఫోను చేసి ధైర్యం చెప్పింది. "జడ్జిగారికి మన పాండిత్యం అక్కర్లేదు. సామాన్యుడు ఆ రెండు పొట్లాలూ చూస్తే పొరబడతాడా లేదా, అదొక్కటే చూస్తారు."

సరే, కోర్టుకి ఒక సామాన్యుణ్ణి తీసుకెళ్ళాలన్నమాట అనుకుని వెతకడానికి బయల్దేరారు. క్షౌరశాల పోలయ్యని అడిగితే కత్తి ఆపి, "ఎమ్మెల్యే గడ్డం గీసిన చెయ్యిది, నన్ను సామాన్యుడంటావా" అన్నాడు. రిటైరైన మేష్టారు తన సన్మానపత్రాలు తొమ్మిదీ తెచ్చి వరసగా చదివించారు. బస్టాండులో చిరిగిన తువ్వాలు పరుచుకుని పడుకున్నవాణ్ణి లేపితే, "మా బావమరిది వార్డు మెంబరు, మాటలు జాగ్రత్త" అన్నాడు. మూడు రోజులు తిరిగినా బూరుగుమెట్టలో ఒక్క సామాన్యుడు దొరకలేదు. అందర్నీ అవమానించిన పేరు మాత్రం వచ్చింది.

వాయిదా రోజున వీరభద్రం బోనెక్కి చేతులు కట్టుకున్నాడు. "క్షమించాలండి. సామాన్యుడు దొరకలేదు. మా ఊళ్ళో అందరూ గొప్పోళ్ళే."

శశిరేఖ తల దించుకుంది. నాగేంద్రం లాయరు లేచి, తన క్లయింటు పుంజు ఎడమకి చూస్తుందనీ, వీళ్ళది కుడికి చూస్తుందనీ, బుద్ధున్నవాడెవడూ పొరబడడనీ అరగంట వాదించాడు. జడ్జిగారు రెండు పొట్లాలూ తెప్పించి వీరభద్రం ముందు పెట్టించి, "ఇందులో మీదేదో చెప్పు" అన్నారు.

వీరభద్రం అటూ ఇటూ తిప్పి చూసి నాగేంద్రం పొట్లం తీశాడు. "ఇదేనండి. తోక చూస్తేనే తెలుస్తోంది."

"కాదన్నయ్యా, రెండోది" అన్నాడు కిందనుంచి గణపతి.

"రెండూ మనవే అయ్యుంటాయి, తీసుకుని వచ్చెయ్యి" అన్నాడు తాతారావు.

దించుకున్న తల శశిరేఖ గబుక్కున ఎత్తింది. "అయ్యా, సొంతదారులే పోల్చుకోలేకపోతుంటే ఇక కొనేవాళ్ళ మాట చెప్పాలా?" అంది. అంతే, కేసు తేలిపోయింది. జడ్జిగారు నాగేంద్రాన్ని నిలబెట్టి తీర్పు చెప్పారు. ఈ పుంజుని పోలిన బొమ్మ పొట్లాల మీదున్నా, బోర్డు మీదున్నా, అచ్చుదిమ్మతో సహా వారంలోగా నాశనం చెయ్యాలన్నారు.

ఆ కబురు విని మంగాయమ్మ ఎన్నాళ్ళకో మనసారా నవ్వింది. వెంటనే కొత్తగా పొడి దంచుదామని లవంగాలకి బజారుకెళ్ళింది.

ఇక్కడ అన్నదమ్ములు తీర్పు పట్టుకుని కూర్చున్నారు. గోడమీది పటం దించి, దాని పక్కన నాగేంద్రం పొట్లం పెట్టారు. "ఇది ఎడమకి చూస్తోంది, తోకా పొట్టిదే, అంతగా పోలిక లేదు" అన్నాడు వీరభద్రం. తరవాత తమ పొట్లం విప్పి, బొమ్మ పైకి వచ్చేలా పెట్టారు. ముగ్గురూ దానిమీదికి వంగారు. ముక్కు, తురాయి, తోక, అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. ఒక్క ఈక కూడా తేడా లేదు.

ఇంకేముంది. గోనె తీసి బోర్డు మీద సున్నం కొట్టారు. పొట్లాలన్నీ పెరట్లో పోసి నిప్పెట్టారు. అచ్చుదిమ్మని గొడ్డలితో చీల్చి ఆ మంటలోనే పడేశారు. లవంగాల సంచితో వచ్చిన మంగాయమ్మ ఆ పొగ చూసి పెరటి గడప మీదే కూలబడింది.

"ఏడవకమ్మా" అన్నాడు వీరభద్రం గర్వంగా. "ముప్పై ఏళ్ళుగా మన పుంజుని కాపీ కొడుతున్న అసలు దొంగ ఇన్నాళ్ళకి దొరికాడు. ఊరికే వదలం, కేసు పెడతాం. ఇంతకీ ఈ బొమ్మ వేయించి ఈ పొట్లాలన్నీ కట్టిందెవరమ్మా?"

"నేనేరా నాయనా" అంది మంగాయమ్మ.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్నతల్లి అని చూస్తే చట్టం ఏమైపోవాలి? మర్నాడు మొదటి బస్సుకే కాకినాడ బయల్దేరారు అమ్మ మీద కేసు పెట్టడానికి. కోర్టులో ఆలస్యమైతే ఆకలికి ఆగలేరని పులిహోర కట్టిచ్చింది మంగాయమ్మే.